మోకాలు మార్చింది వాళ్ళు, నడిపించాల్సింది నేను

ముందే చెబుతున్నాను, నాకు కొత్త వైద్యం మీద కోపం లేదు. నా కోపమంతా ఆ వైద్యం చుట్టూ చేరిన తంతు మీద. పోయిన మాఘంలో మా ఆవిడకు మోకాలి మార్పిడి చేయించాం. ఆపరేషన్ రెండు గంటల్లోపే అయిపోయింది. డాక్టరు బయటికొచ్చి "బ్రహ్మాండంగా జరిగింది మాస్టారూ, రేపే నడిపించేస్తాం" అని చెప్పి ఇంకో మోకాలి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన పని అయింది. నా పని అక్కణ్ణుంచి మొదలైంది. డెబ్భై దాటిన మనిషికి, పొద్దున బీపీ బిళ్ళ వేసుకున్నాడో లేదో తనకే గుర్తుండని మనిషికి, ఆ పని ఏమిటో ముందుగా కూర్చోబెట్టి చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు పెళ్ళానికి ఆపరేషన్ చేయించి చూడు అనలేదంటే, వాళ్ళ కాలంలో అది మొగుడి పని కాదు కాబట్టే.

మా రోజుల్లో ఎలా ఉండేదో వినండి. ఇదే ఆవిడకు 1984లో గర్భసంచి ఆపరేషన్ అయింది, ఒక మిషన్ ఆసుపత్రిలో. అప్పట్లో ఆపరేషన్ అంటే వీధి వీధంతా కదిలేది. ముందురోజు సాయంత్రమే ఎనిమా, రాత్రి నుంచి గుక్కెడు మంచినీళ్ళు కూడా లేవు. గాజు సిరంజీలు నీళ్ళలో కుతకుత ఉడికేవి. సెలైన్ గాజు సీసాల్లో వచ్చేది, ఆ సీసా తలకిందులుగా వేలాడుతుంటే అందులో లేచే బుడగలే మాకు మానిటరు. వెన్నులో మత్తు సూది ఇస్తే రోజంతా తలగడ లేకుండా వెల్లకిలా పడుకోవాలి. మంచం కాళ్ళవైపు కోళ్ళ కింద చెక్కదిమ్మలు పెట్టేవాళ్ళు. అప్పటి సూదులు లావు; తొందరపడి తల ఎత్తితే తలనొప్పి పట్టుకుంటుందనేవాళ్ళు, పట్టుకుంటే రోజుల తరబడి వదిలేది కాదు. పొద్దున్నే రౌండుకొచ్చిన డాక్టరమ్మ అడిగే మొదటి ప్రశ్న "గ్యాసు పోయిందా?" ఆ కబురు అందేదాకా పెదాలకు తడిబట్ట అద్దడమే తప్ప నోట్లో చుక్క పొయ్యనిచ్చేవాళ్ళు కాదు. అందిన రోజున పక్క మంచాల వాళ్ళతో సహా అందరికీ పండగే. కుట్లు విప్పేది ఎనిమిదో రోజు ప్రాంతంలో. ఆ తర్వాత కూడా పుండు ఎలా ఉందో చూసి, నిదానంగా ఇంటికి పంపేవాళ్ళు.

అన్ని రోజులూ ఆవిణ్ణి చూసుకున్నది ఎవరనుకున్నారు? నేను కాదు. మా అత్తగారు మంచం కింద చాప పరుచుకుని పడుకుంది. మా మరదలు పొద్దున వచ్చి తల దువ్వి జడ వేసి వెళ్ళేది. పిల్లలు మా అమ్మ దగ్గర ఉన్నారు. పక్కింటి పిన్నిగారు ఆసుపత్రి ఆవరణలో రోగుల తాలూకు వాళ్ళకని కట్టిన వంట షెడ్డులో కిరసనాయిలు స్టవ్ వెలిగించి జావ కాచేది. అత్తగారు స్నానానికి వెళితే పక్కమంచం పేషెంటు చెల్లెలు మా ఆవిడ సెలైన్ సీసా మీద ఓ కన్నేసి ఉంచేది. వాళ్ళకు అవసరమైనప్పుడు మా అత్తగారు బెడ్ పాన్ అందించేది. కులం అడిగిన వాళ్ళు లేరు, ఊరు అడగని వాళ్ళు లేరు. ఇక మొగుడనే ప్రాణి ఉద్యోగం ఏమిటంటే సాయంత్రం నాలుగింటికి క్యారేజీ మోసుకు రావడం, మందుల చీటీ పట్టుకుని షాపుకు పరిగెత్తడం, మంచానికి రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి "ఎలా ఉంది?" అని అడగడం. ఆరు కాగానే గంట మోగి, ఆయా వచ్చి "మగోళ్ళు బయటికి" అని తరిమేది. ఆ గంట మోగితే మాలో చాలామందికి లోపల్లోపల హాయిగానే ఉండేది. లేదని ఒట్టేసి చెప్పమనండి, నా ఈడువాళ్ళను.

ఇప్పుడో? గంటా లేదు, ఆయా లేదు, బయటికి తరిమే నాథుడు లేడు. పేషెంటుకు ఒక్క అటెండెంటు, మెడలో ఒక్క పాసు. ఆ పాసు మీద నా ఫొటో. అబ్బాయి డాలస్‌లో. అమ్మాయి బెంగుళూరు నుంచి వచ్చింది, పాపం, ల్యాప్‌టాప్‌తో సహా. తల్లి కాలు కంటే మీటింగులే ఎక్కువగా పిలుస్తుంటే తిరిగి వెళ్ళక తప్పలేదు. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. అప్పుడు జడ వేసిన మరదలికి ఇప్పుడు తన మోకాళ్ళే తనవి కావు. పక్క ఫ్లాటు వాళ్ళ పేరు లిఫ్టు దగ్గర బోర్డు మీద చదివిందే. పూర్వం పదిమంది పంచుకున్న పని ఒక్క ముసలివాడి మెడలో తాడేసి వేలాడదీశారు. ఏసీ గదిలో రోగికి చలి వేస్తే దుప్పటి ఇస్తారు. అటెండెంటుకు వేస్తే? అతనికి ఇచ్చిన సోఫా మీద నా కాళ్ళు మోకాళ్ళ దగ్గర్నుంచి బయటే.

చేర్చుకునే రోజు సంగతి చెబుతాను. ఒంటి మీద లోహం ఉండకూడదు, రక్తం కారకుండా కరెంటుతో మాడ్చే పరికరం వాడతారు, కాలుతుంది అన్నారు. సబబే. గాజులు తీశారు. ముక్కుపుడక మాత్రం పెళ్ళినాడు బిగించింది, కదల్లేదు. నర్సు పిల్ల దాని మీద టేపు అంటించి ఊరుకుంది. మంగళసూత్రం దగ్గర మా ఆవిడ మొండికేసింది. 1984లో అయితే మా అత్తగారు ముందుచూపుతో పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి తెచ్చింది, సూత్రాలు తీసి కొమ్ము వేశారు, ఎవరికీ నోటిమాట అవసరం లేకపోయింది. ఇప్పుడు ఆ గదిలో పసుపుకొమ్ము సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, అది తెచ్చే తెలివి అందరికంటే ముందు నాకే ఉండాలట! చివరికి కింద పూజాసామాను అమ్మే కొట్టు వెతుక్కుంటూ ఈ వయసులో రోడ్డు దాటాను.

ఆపరేషన్ అయ్యాక గదికి తెచ్చారు. తల దగ్గర ఓ తెర, అందులో పచ్చగీత, ఎర్రగీత, అంకెలు. వచ్చిన ప్రతివాడూ మనిషిని పలకరించే ముందు ఆ తెరను పలకరిస్తాడు. రోగిలో ఏం చూడాలన్నది పాత తగువే. మన హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో 1888లో, మళ్ళీ 1889లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో క్లోరోఫామ్ అనే మత్తుమందు మీద కమిషన్లు కూర్చున్న సంగతి ఎంతమందికి తెలుసు? ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు వాటిని నడిపాడు. మత్తులో ఉన్న రోగి నాడి చూడాలా, ఊపిరి చూడాలా అన్నది అప్పటి తగువు. లారీ ఊపిరే చూడమన్నాడు. క్లోరోఫామ్ గుండెను కూడా ఆపేయగలదని తర్వాత తేలింది కాబట్టి ఆయన పూర్తిగా గెలవలేదు. కానీ ఎవరు గెలిచినా ఓడినా, రెండు పక్షాలూ చూడమన్నది రోగినే. ఇప్పుడు నాడి, ఊపిరి, ఆక్సిజన్ అన్నీ యంత్రమే చూస్తుంది. మంచిదే, దానికి నిద్ర రాదు. కానీ ఆవిడ పెదాలు ఎండిపోతున్నాయనీ, దుప్పటి జారిపోయిందనీ ఏ గీతా చెప్పదు. అవి చూడ్డానికి పక్కన ఒక మనిషి ఉండాలి.

ఆ రాత్రి నా గుండె జారింది. అర్ధరాత్రి దాటాక మా ఆవిడ లేచి కూర్చోబోయి "ఏమండీ, గేదె కట్టు తెంచుకుంది, చూడండి" అంది. మా ఇంట్లో గేదె ఉండి ముప్పై నలభై ఏళ్ళు. ఆ తర్వాత చనిపోయిన వాళ్ళమ్మను పిలిచింది. సెలైన్ ట్యూబు పీకబోయింది. మతి పోయిందేమోనని బెల్లు నొక్కి నొక్కి వేలు నొప్పి పుట్టింది. వచ్చిన నర్సు పిల్ల, శ్రీకాకుళం అమ్మాయి, నింపాదిగా "తాతగారూ, వయసు మీరిన వాళ్ళకి ఆపరేషన్ తర్వాత ఒక్కోసారి ఇలాగవుతాది, చాలామందికి తగ్గిపోతాది. డాక్టరుగారికి చెప్తాను. మామ్మగారి కళ్ళజోడు ఏదండీ?" అని అడిగింది. కళ్ళజోడు, చెవిమిషను రెండూ ఆపరేషన్‌కు ముందు తీయించి నా సంచిలో పెట్టించారు, మళ్ళీ పెట్టమని ఎవరూ చెప్పలేదు. పెట్టాక, లైటు వేసి, ఇది ఆసుపత్రి, నీ కాలికి ఆపరేషన్ అయింది, నేను ఇక్కడే ఉన్నాను అని మెల్లగా చెబుతుంటే తెల్లారేసరికి మనిషి మామూలైంది. ఇలా జరగొచ్చని, అద్దాలూ చెవిమిషనూ వెంటనే పెట్టాలని, గోడగడియారం కనిపించేలా ఉంచాలని, తెలిసిన గొంతు పక్కన ఉంటే మంచిదని ముందే ఒక్క ముక్క చెబితే వాళ్ళ సొమ్మేం పోయింది? సంతకాలకు ఇచ్చిన కాగితాల కట్ట అంత లావుంది, అందులో ఈ ఒక్క ముక్కకు చోటు లేకపోయింది.

మర్నాడు నడిపించారు. అవును, మర్నాడే. వాకర్ చేతికిచ్చి, ఇటో కుర్రాడు, అటో పిల్ల పట్టుకుని నిలబెడితే మా ఆవిడ కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. ఇక్కడ నేను టోపీ తీసి దణ్ణం పెడతాను. మా అమ్మ మోకాళ్ళు అరిగిపోయి, ఆఖరికి పీట మీద కూర్చుని చేతులతో నేలను తోసుకుంటూ వంటింట్లోంచి పెరట్లోకి జరిగేది. నువ్వుల నూనె, కర్పూరం, వావిలాకు కాపడం, ఇంతే ఆవిడకు దక్కిన వైద్యం. ఆ నొప్పిని ముసలితనం ఖాతాలో రాసేసి మేమంతా భోంచేశాం. కాబట్టి పాతదంతా బంగారమని నేననను. ఆపరేషన్ అయిన మనిషిని మంచానికి అంటించి ఉంచితే కాళ్ళలో రక్తం గడ్డకడుతుందనీ, ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుందనీ, కండ కరిగిపోతుందనీ ఇప్పుడు తెలుసు. తొందరగా తినిపించు, తొందరగా నడిపించు అనే పద్ధతిని డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్ 1990లలో ఒక క్రమంలో పెట్టాడు. మేము రోగి మేలు కోరి కదలకుండా పడుకోబెట్టిందంతా సగం కీడేనన్నమాట.

అయితే గొడవంతా ఇక్కడే ఉంది. మా తరానికి ప్రేమ చూపించడం తెలిసిందే రెండు విధాలు, ఆ రెండూ ఇప్పుడు నిషేధం. కాలు నొప్పిగా ఉందంటే మోకాలి కింద మెత్తటి తలగడ పెడతాం. పెట్టాను. ఫిజియోథెరపీ కుర్రాడు వచ్చి చటుక్కున లాగేశాడు. మోకాలి కింద ఎత్తు పెడితే కాలు వంగిన చోటే బిగుసుకుపోతుందట, పెట్టాలంటే మడమ కింద పెట్టాలట. సరే, కాళ్ళు పడదామని పిక్క మీద చెయ్యి వేశాను. "అయ్యో, పిక్క పిసక్కూడదండీ, గడ్డ ఏదైనా ఉంటే కదులుతుంది" అన్నాడు. మరి నేనేం చెయ్యాలయ్యా అంటే, పాదం ముందుకూ వెనక్కూ ఆడించమని గుర్తు చేస్తుండాలి, మూడు బంతుల గొట్టంతో ఊపిరి పీల్పించాలి, ఐసు పెట్టాలి, లేచేటప్పుడు పక్కనుండాలి, లేవనంటే లేపాలి. అంటే ఆవిడ వద్దన్న ప్రతిదీ చేయించాలి, ఆవిడ కావాలన్నది చెయ్యకూడదు. కాపురం మొత్తంలో నాకు అలవాటు లేని పని అది.

ఇక నొప్పి లెక్క. "సున్నా నుంచి పది దాకా మీ నొప్పి ఎంతమ్మా?" అని అడుగుతారు. మా ఆవిడ ఏం చెబుతుంది? "ఓర్చుకోగలను." అది ఎన్నో నంబరు? పురిటినొప్పులు ఇంట్లో పడి, వేడి నూనె చేతి మీద చిందితే పసుపు రాసుకుని వంట పూర్తి చేసిన మనిషిని పదికి ఎంత అని అడిగితే తల ఊపి "పర్లేదు" అంటుంది. ఆ పిల్ల మూడు అని రాసుకుని పోతుంది. నాకు తెలుసు అది ఏడో ఎనిమిదో అని. ఎలా తెలుసంటే ఆవిడ నన్ను తిట్టడం మానేసింది కాబట్టి. నా మీద విసుక్కుంటోందంటే కులాసాగా ఉన్నట్టు, మౌనంగా గోడకేసి చూస్తోందంటే ఓర్చుకుంటున్నట్టు. ఆ మాట నేను నర్సుకు చెప్పాకే వ్యాయామానికి ముందు నొప్పి మందు పడేలా వేళ మార్చారు. అప్పుడే కాలు వంగింది. నొప్పి బిగబట్టుకున్న కాలు వంగదు, మొదట్లో వంగని కాలును తర్వాత వంచడం కష్టం. పక్కన మొగుణ్ణి కూర్చోబెట్టడంలో ఏదైనా అర్థం ఉందంటే అది ఇదే. యంత్రం చదవలేని మొహాన్ని చదవడం.

తిండి సంగతి ఎత్తకపోతే నాకు నిద్ర పట్టదు. మా రోజుల్లో పథ్యం అనే మహా సామ్రాజ్యం ఉండేది. పప్పు తింటే పుండు చీము పడుతుంది, వంకాయ దురద, గోంగూర వాతం, పెరుగు జలుబు. పాతబియ్యం అన్నం, శొంఠిపొడి, పాత చింతకాయ పచ్చడి, బీరకాయ, ఇంతే. చప్పగా లేదు గానీ బలం లేదు. ఇప్పుడు డైటీషియన్ అనే చిన్నమ్మాయి వచ్చి, పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి, పప్పు తినండి, గుడ్డు తినండి, పెరుగు తినండి అంది. వీడియోకాల్లో మా మరదలు "బావగారూ, అక్కకు కందిపప్పు పెట్టారంటే నేనూరుకోను" అంది. మధ్యలో నేను! సైన్సు డైటీషియన్ పక్షాన ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ పప్పును కాయితం మూత వేసిన ప్లాస్టిక్ పళ్ళెంలో, ఉప్పు ఉందో లేదో తెలియకుండా, చల్లారబెట్టి పంపితే ఎవరు తింటారు? మంచి తిండి అని చెప్పడం వేరు, నోటికి హితవయ్యేలా పెట్టడం వేరు. పక్కింటి పిన్నిగారి కిరసనాయిలు వాసన జావలో ఎన్ని మాంసకృత్తులున్నాయో నాకు తెలియదు, గిన్నె మాత్రం ఖాళీ అయ్యేది. పైగా నొప్పి మాత్రలకు మలబద్ధకం పట్టుకుంటుంది. అందుకు పీచు, నీళ్ళు ముందునుంచే పెంచాలన్న సంగతి మూడో పూట మా ఆవిడ మొహం చూశాక గానీ నాకెవరూ చెప్పలేదు.

పలకరింపుల మాట. అప్పుడు చుట్టాలు బ్రెడ్డు, బత్తాయిలు, హార్లిక్స్ సీసా పట్టుకుని వచ్చేవాళ్ళు. వచ్చి మంచం అంచున కూర్చుని "మా తోడికోడలి అక్కకూ ఇదే ఆపరేషనే. పాపం, పోయింది" అని ధైర్యం చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆ బాధ ఇప్పుడు లేదు. అంటురోగాలు తేకుండా జనాన్ని ఆపడమూ న్యాయమే. కానీ ఆ వచ్చినవాళ్ళు ఓ గంట కూర్చుంటే మా అత్తగారు ఓ కునుకు తీసేది. ఇప్పుడు ఫోన్లో రెండు చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి, పూలగుత్తులు వస్తాయి. ఒక్క బొమ్మయినా నన్ను గంటసేపు పడుకోనిచ్చిందా?

అబ్బాయిని తప్పుపట్టను. వాడు అక్కడ రాత్రిళ్ళు మేలుకుని డాక్టరుతో మాట్లాడాడు, డబ్బు కట్టాడు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి పరికరాల ధరకు కళ్ళెం వేసిందనీ, మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో పన్ను కాక 54,720 రూపాయలు మించకూడదన్నారనీ వాడే చెప్పాడు. అందుకే కౌంటరు దగ్గర ప్యాకేజీల రంగుల కాగితం చూపించి నన్ను దబాయించబోతే నిలబడగలిగాను. దూరాన ఉన్న పిల్లలు లెక్క చూడగలరు, కాగితం చదవగలరు. రాత్రి రెండింటికి బాత్రూం దాకా నడిపించలేరు. ఎవరి చేతనయింది వాళ్ళు చేయాలి గానీ, వాడు అక్కడినుంచి "నాన్నా, మీరు రెస్ట్ తీసుకోండి" అంటుంటే మాత్రం నాకు ఒళ్ళు మండేది.

డిశ్చార్జి మహోత్సవం చూసి తీరాలి. పొద్దున రౌండులో "మీరు ఇంటికెళ్ళొచ్చు" అన్నారు. మా ఆవిడ తల దువ్వుకుని, చీర మార్చుకుని, మంచం అంచున కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. బీమా వాళ్ళ అనుమతి రాలేదట. సాయంత్రమైంది, ఇంకేదో కాగితం అడిగారట. డిశ్చార్జి అడిగిన మూడు గంటల్లోపు తుది అనుమతి ఇవ్వాలని, ఆలస్యమైతే ఆ అదనపు ఖర్చు బీమా కంపెనీయే భరించాలని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో చెప్పింది. ఆ మాట కౌంటరులో అంటే అక్కడి కుర్రాడు నన్ను పురాణం చెప్పే తాతను చూసినట్టు చూశాడు. తీరా అనుమతి వచ్చాక చేతి తొడుగులు, టోపీలు, ఇంకా ఏవేవో బీమాలోకి రావని జేబులోంచి గుంజారు. మొన్ననే ఆపరేషన్ అయిన కాలితో ఆవిడ రోజంతా కాళ్ళు వేలాడేసుకు కూర్చుంది. ఆ వాపు ఏ బిల్లులో రాస్తారు?

అసలు విషయానికి వస్తాను. రెండు మూడు రోజులకే ఇంటికి పంపుతున్నాం, చూశారా మా ప్రగతి అంటున్నారు. నిజమే, మత్తు మెరుగైంది, కుట్టు మెరుగైంది. కానీ అప్పట్లో ఆసుపత్రిలో నర్సులూ, ఆయాలూ, చుట్టాలూ కలిసి చేసిన వారం పదిరోజుల పని మాయమైపోలేదు. అది మా ఇంటి పడగ్గదిలోకి మారింది. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసే సూది, కట్టు తడవకుండా స్నానం, మాత్రల వేళలు, వాకర్‌తో మలుపు తిరగడం, మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు, ఇవన్నీ ఇప్పుడు మొగుడి డ్యూటీ. తొందరగా పంపే ఆ పద్ధతి పుట్టిన డెన్మార్క్‌లో ఇంటికి పంపాక అవసరమైన వాళ్ళ దగ్గరికి మునిసిపాలిటీ నర్సు వస్తుంది. మనవాళ్ళు పంపేయడం దిగుమతి చేసుకున్నారు, నర్సును ఓడలో వదిలేశారు. ఇక్కడ ఇంటికి నర్సు కావాలంటే ఏజెన్సీకి రోజుకింతని కట్టాలి. కట్టలేని వాడికి నాలాంటి ముసలి మొగుడే నర్సు. నాకు ఇచ్చిన శిక్షణ ఏమిటంటే ఇంగ్లీషులో ఆరు పేజీల డిశ్చార్జి సమ్మరీ. నేనంటే ఇంగ్లీషు మాస్టర్ని. మా మెట్ల కింద ఇస్త్రీ చేసే అతని భార్యకు ఇదే ఆపరేషన్ అయితే?

కాబట్టి ఆసుపత్రుల వాళ్ళకు ఒక మనవి. అడ్వాన్సు కట్టించుకునే ముందు అటెండెంటును ఓ గంట కూర్చోబెట్టండి. వాకర్ ఎలా పట్టాలో, సూది ఎలా వెయ్యాలో వాళ్ళ చేత చేయించి చూడండి. జ్వరమొచ్చినా, పుండు కారినా, పిక్క వాచి నొప్పెట్టినా ఎవరికి ఫోను చెయ్యాలో, ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఆగకుండా 108కి చెయ్యాలని పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ఒక్క పేజీలో రాసి ఇవ్వండి. మీ రంగుల ప్యాకేజీ కాగితం కంటే దానికి తక్కువే ఖర్చవుతుంది.

నా ఈడు మగాళ్ళకు ఇంకో మాట. మనల్ని బయటికి తరిమే గంట ఇక మోగదు. మీ ఆవిడకు ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజునే వంటింట్లోకి వెళ్ళి ఉప్పెక్కడుందో, పప్పెక్కడుందో చూసుకోండి. అన్నం వండడం, జావ కాచడం నేర్చుకోండి. ఆవిడ వేసుకునే మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. రాత్రికి మిమ్మల్ని ఓ పూట విడిపించే మనిషిని, తమ్ముణ్ణో మేనల్లుణ్ణో పక్కింటివాణ్ణో, సిగ్గుపడకుండా ముందే అడిగి పెట్టుకోండి. మీ బీపీ బిళ్ళ మర్చిపోకండి, ఇద్దరూ మంచమెక్కితే చూసేవాళ్ళు లేరు. జడ వేయడం కూడా నేర్చుకోండి. అది నర్సు వెయ్యదు.